మూడు నెలలు

జులై 6, 2025. ఆదివారం.

ప్రపంచ జూనోసిస్ దినం. కుక్కలకి ఉచిత రేబీస్ టీకాలు. ఏడింటికని దండోరా వేయించాం. ఏడున్నరకి షామియానా వచ్చింది. ఎనిమిదికి మొదటి కుక్క వచ్చింది. వస్తూనే షామియానా గుంజ దగ్గర కాలెత్తింది. ప్రారంభోత్సవం అయిపోయింది. తొమ్మిదిన్నరకి ప్రెసిడెంటుగారు వచ్చి మళ్ళీ ప్రారంభించారు.

46 కుక్కలు. 3 పిల్లులు. 1 మేక. మేక ఎందుకండీ అంటే "ఉచితం అన్నారు కదండీ" అన్నాడు. వేశాను. మేకకీ వస్తుంది.

రొయ్యల చెరువు కాపలావాళ్ళ కుర్రాడొకడు గోనెసంచిలో కుక్కపిల్లని మోసుకొచ్చాడు. కుర్రాడికి ఎనిమిదేళ్ళుంటాయి. పిల్లకి ఏడు వారాలు. మూడు నెలలు నిండాలి. ఆగస్టులో తీసుకురా అన్నాను. సంచి మూతి కట్టాడు. ఊపిరాడదని మళ్ళీ కొంచెం వదులు చేశాడు. వెళ్ళాడు.

రిజిస్టరు: పేరు పుష్ప. మగ. వయసు చాలదు. వాపసు.

జులై 7

నిన్నటి తేదీ ఎందుకో మా పశువుల ఆసుపత్రిలో పనిచేసే సత్తిబాబు అడిగాడు. 1885 జులై 6న పారిస్‌లో పాశ్చర్ తన మందుని మొదటిసారి ఒక మనిషికి వేయించాడు. జోసెఫ్ మైస్టర్. తొమ్మిదేళ్ళవాడు. పిచ్చికుక్క కరిచింది. బతికాడు. పెద్దయ్యాక పాశ్చర్ పేరున్న సంస్థలోనే గేటు దగ్గర ఉద్యోగం.

"పర్మినెంటేనాండీ?" అన్నాడు సత్తిబాబు. వాడిది పదమూడేళ్ళుగా అవుట్‌సోర్సింగ్.

పాశ్చర్ వైద్యుడు కాడు. సూది పట్టుకున్నది వేరే డాక్టరు. నాదీ అదే లెక్క. మనిషికి నేను సూది వేయకూడదు.

జులై 9

పంచాయతీ లెక్క ప్రకారం ఊళ్ళో కుక్కలు 210. సత్తిబాబు లెక్క ప్రకారం "ఓ వెయ్యుంటాయండి". నూటికి డెబ్బై కుక్కలకి టీకా పడితే జబ్బు ఊళ్ళో నిలవదంటారు. 46 పడ్డాయి. ఆ నలభై ఆరూ మెడలో పట్టీ ఉన్నవి. పట్టీ లేనివాటికి దండోరా అర్థం కాలేదు.

జులై 12

ఒకాయన మధ్యాహ్నం ఎండలో వచ్చాడు. ఒక కాలికి చెప్పుంది. రెండోది చేతిలో ఉంది. కుక్క కరిచిందట.

"సామెత ప్రకారం చెప్పు దెబ్బ కొట్టానండి. ఇంకేమైనా చెయ్యాలాండీ?"

కుళాయి చూపించాను. సబ్బుతో, ధారగా పడే నీళ్ళకింద, పావుగంట. రెండు నిమిషాలకే కట్టేశాడు. పావుగంట అంటే ఎంతో జనానికి తెలియదు. సినిమా పాట మూడుసార్లు పాడుకోమన్నాను. పాడాడు. పైకే పాడాడు. గొంతు బాగుంది.

ఆ తరువాత మనుషుల ఆసుపత్రికి పంపాను. ఇక్కడే వేసెయ్యండి అన్నాడు. పశువుల మందు ఘాటుగా ఉంటుందని నమ్మకం.

జులై 15

మందుల పేర్లు. కుక్కకి రక్షారాబ్. మనిషికి అభయ్‌రాబ్. రెండూ హైదరాబాద్ కంపెనీవే. రక్ష కుక్కకి, అభయం మనిషికి. పేరు పెట్టినాయన ఆలోచించే పెట్టినట్టున్నాడు.

రాత్రి అత్తయ్యగారు బొడ్డు చూపించారు. 1974. కొత్త పెళ్ళికూతురు. పెరట్లో కుక్క పిక్క పట్టుకుంది. పద్నాలుగు రోజులు, పద్నాలుగు సూదులు, బొడ్డు చుట్టూ. ఏలూరులో మేనమామగారింట్లో ఉండి వేయించుకున్నారు. గొర్రె మెదడుతో చేసేవారు ఆ మందు. 1911లో కసౌలీలో సెంపుల్ అనే ఆయన తయారుచేసింది. మనదేశం 2004 దాకా అదే వేసింది. గొర్రె అని ఆవిడకి ఇప్పుడు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. యాభై ఏళ్ళుగా ఆవిడ శాకాహారి.

జులై 19

గేదె. మూడో ఈత. మేత మానేసింది. సొంగ. "గొంతుకి మామిడి టెంక అడ్డం పడిందండి." రైతు మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికాడు. దొరకలేదు. బావమరిది పెట్టాడు. ఆర్‌ఎంపీ పెట్టాడు. తరువాత నాకు ఫోను.

గేదె అరుస్తోంది. బొంగురు గొంతు. వెనక కాళ్ళు తూలుతున్నాయి. నేను చెయ్యి పెట్టలేదు. టార్చి వేసి చూశాను. టెంక లేదు.

ఈ మధ్య కుక్క ఏమైనా కరిచిందా?

"కరిచిందండి. జ్యేష్ఠంలో. కాలవగట్టు మీద. మూతి మీద."

చెప్పలేదేం?

"గేదెనే కదండి కరిచింది."

ఆరోజే చెబితే గేదెకీ ఐదు సూదులున్నాయి.

జులై 22

గేదె పోయింది. గొయ్యి లోతుగా తీయించి సున్నం పోయించాను. చర్మం ఒలుచుకుంటామని ఇద్దరొచ్చారు. ఒలవనివ్వలేదు. నామీద కోపంగా వెళ్ళారు.

జులై 23

ఆ గేదె పాలు ఎవరెవరికి పోశావో రాయమన్నాను. నాలుగిళ్ళన్నాడు. సాయంత్రానికి పందొమ్మిది ఇళ్ళవాళ్ళు వచ్చారు. పూటకి మూడు లీటర్లిచ్చే గేదె. లెక్క ఎక్కడ పొంగిందో అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు.

కాచిన పాలతో భయం లేదని చెప్పాను. పూజారిగారు లేచారు.

"అభిషేకానికి కాచి పొయ్యం కదమ్మా."

తీర్థం పుచ్చుకున్నవాళ్ళంతా లేచారు.

జులై 24

పీహెచ్‌సీ ముందు బారు. మెడికల్ ఆఫీసరు ఫోను. నా జీతం తనే ఇస్తున్నట్టు మాట్లాడాడు. పాపం, వయల్స్ లెక్క ఆయనది.

బారులో ఒకాయన: "సగం నీళ్ళే కదండీ. సగం డోసు చాలదాండీ?"

గేదె నోట్లో చెయ్యి పెట్టిన ముగ్గురూ బారులో లేరు. సత్తిబాబు వెళ్ళి ఒక్కొక్కణ్ణి బండి మీద ఎక్కించుకొచ్చాడు. ఆర్‌ఎంపీ వెనక దారిన వచ్చాడు. రోగులు చూస్తారని.

నా గోటి పక్కన పుండుంది. గ్లవ్స్ వేసుకున్నాను. వేసుకున్నాననే గుర్తు. నాకు టీకాలు ముందే ఉన్నాయి కాబట్టి రెండు చాలు. ఇవాళ ఒకటి, ఆదివారం ఒకటి. నేనూ బారులో నిలబడ్డాను. వెనకాయన "మీరూ తాగారాండీ?" అన్నాడు.

జులై 30

రక్తంలో రాదు. నరం పట్టుకుని వస్తుంది. కాలి మీద కరిస్తే దూరప్రయాణం. మొహం మీద కరిస్తే పక్కవీధి. మామూలుగా ఒక నెల నుంచి మూడు నెలలు. ఒక్కోసారి వారం. ఒక్కోసారి ఏడాది. అందాకా ఏమీ ఉండదు. పుండు మానుతుంది. తరువాత మానిన చోట దురద.

ఇవాళ రోజంతా గోటి పక్కన దురద పెట్టింది. దోమ.

ఆగస్టు 3

వాన. పని లేదు. ఎందుకో గుర్తొచ్చింది. 1996, రాజేంద్రనగర్. హాస్టల్ వాచ్‌మన్ తమ్ముణ్ణి నల్లకుంట ఆసుపత్రిలో చేర్చారు. అక్కడివాళ్ళు కోరంటి దవాఖానా అంటారు. చూడ్డానికి ముగ్గురం వెళ్ళాం. గదిలో ఫ్యాను ఆపేసి ఉంది. మే నెల. కిటికీకి దుప్పటి కట్టారు. గాలి తగిలితే గొంతు పట్టేస్తుంది.

దాహం అన్నాడు. అన్న గ్లాసు తెచ్చాడు. గ్లాసు గుమ్మం దాటకముందే మెడ నరాలు బిగుసుకున్నాయి. అన్న గ్లాసు వీపు వెనక్కి దాచాడు.

తెలివంతా ఉంది. మమ్మల్ని ఏ బస్సెక్కి వచ్చారని అడిగాడు. నంబరు చెప్పాం. ఆ బస్సు తిన్నగా రాదు, చుట్టూ తిరుగుతుంది, వేరేది ఎక్కండి అన్నాడు.

ఆయన చెప్పిన బస్సే ఎక్కాం. నిజమే. తొందరగా వచ్చేశాం.

ఆగస్టు 12

నిన్న సుప్రీంకోర్టు. ఢిల్లీలో వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టాలట. ఎనిమిది వారాల్లో. టీ కొట్టు దగ్గర రెండు పార్టీలు. ఒక పార్టీ తీర్పు బాగుందంది. రెండో పార్టీ ఏమీ అనలేదు. బెంచీకింద పడుకుంది. బిస్కెట్లు రెండు పార్టీలకీ కలిపే కొన్నారు.

ఆగస్టు 18

పుష్పకి మూడు నెలలు నిండాయి. రాలేదు.

ఫోను నంబరు రాసుకోలేదు. పేరు రాశాను. మగ అని రాశాను.

ఆగస్టు 23

కోర్టు మార్చింది. ఆపరేషన్ చేసి, టీకా వేసి, ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి. పిచ్చివీ, మీదపడేవీ తప్ప. చట్టంలో ముందునుంచీ ఉన్నది దాదాపు అదే. టీ కొట్టులో పార్టీలు మారాయి. బెంచీ కిందాయన మారలేదు.

ఆగస్టు 27. వినాయక చవితి.

సెంటర్లో పందిరి. రాత్రి ఉండ్రాళ్ళ పళ్ళెం నాకి వినాయకుడి పక్కనే పడుకుంది ఒక కుక్క. ఎలక ఉండాల్సిన వైపు. ఎవరూ లేపలేదు. ఎవరో దాని ముందు కూడా అగరొత్తి గుచ్చారు.

సెప్టెంబర్ 4

లక్షద్వీప్‌లో రేబీస్ లేదు. కుక్కలే లేవు. గోవాలో కుక్కలున్నాయి. ఇంటింటికీ, వీధివీధికీ తిరిగి టీకాలు వేశారు. మనుషుల చావులు దాదాపు ఆగిపోయాయి. అత్తయ్యగారితో అన్నాను.

"కుక్కలే లేని చోటికి బదిలీ పెట్టుకోకు అమ్మాయ్. ఉద్యోగం తీసేస్తారు."

సెప్టెంబర్ 10

లేబ్రడార్. ఏసీ కారులో వచ్చింది. అమెరికా ప్రయాణం, దానికే. కొడుకు డాలస్‌లో ఉన్నాడు. మనదేశం నుంచి అంటే అక్కడివాళ్ళకి భయం. ఆరు నెలలు నిండాలి. ఒంట్లో చిప్పు ఉండాలి. చిప్పు వేశాకే టీకా. టీకా పనిచేసిందని రక్తపరీక్ష, వాళ్ళు ఒప్పుకున్న లాబ్‌లో. కాగితాలు నేను నింపాలి.

"మావాడి వీసాకి కూడా ఇన్ని అడగలేదండి."

టీకా తేదీ కొంచెం వెనక్కి వెయ్యమన్నాడు. వెయ్యనన్నాను. మళ్ళీ అడిగాడు. లేబ్రడార్ నా చెయ్యి నాకింది. ముగ్గురిలో దానిదే మర్యాద.

సెప్టెంబర్ 13

సుశ్రుతుడు రాశాడు, కల్పస్థానంలో. పిచ్చికుక్క తోక వాలుతుంది, దవడ వాలుతుంది, సొంగ కారుతుంది. నీళ్ళంటే జడుసుకునే దశకి వస్తే ఇక ఆశ లేదన్నాడు. అప్పటికీ ఇప్పటికీ ఆ వాక్యంలో మార్పు లేదు. అమెరికాలో 2004లో ఒక అమ్మాయి టీకా లేకుండానే బతికింది. గబ్బిలం కరిచింది. మందులిచ్చి కోమాలో పెట్టారు. అలాగే చాలామందికి చేశారు తరువాత. చాలామంది విషయంలో సుశ్రుతుడే గెలిచాడు.

సెప్టెంబర్ 17

కాటు మీద ఈ ఏడాది నేను చూసినవి: పసుపు, కారం, సున్నం, కాఫీపొడి, ఉమ్మెత్తాకు పసరు, రాగిబిళ్ళ, వేడి అట్లకాడ. ఒకాయన పెట్రోలు. సబ్బు రాసుకొచ్చినవాళ్ళు ఇద్దరు. ఇద్దరూ ఐదో తరగతి. బడిలో చెప్పారట.

సెప్టెంబర్ 28. ఆదివారం.

ప్రపంచ రేబీస్ దినం. పాశ్చర్ పోయిన రోజు. ర్యాలీ. ఫ్లెక్సీ మీద "రేబీస్ దినోత్సవ శుభాకాంక్షలు". బొమ్మ మంచులో బండి లాగే కుక్కది. మా మండలంలో మంచు ఐసు ఫ్యాక్టరీలోనే ఉంటుంది.

ప్రపంచంలో ఏటా 59,000 మంది దీంతో చనిపోతారని అంచనా. అందులో నూటికి నలభై మంది పదిహేనేళ్ళలోపు పిల్లలు. పై వాక్యం నేను మైకులో చదివాను. ముందు వరసలో పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎక్కడ కొట్టాలో వాళ్ళకి చెప్పలేదు.

ర్యాలీ వెనకాల పదకొండు కుక్కలు నడిచాయి. ఫొటోలో బాగా పడ్డాయి.

అక్టోబర్ 4

సెంటర్లో ఒక కుక్క ఏడుగుర్ని కరిచింది. జనం కొట్టి చంపారు. తలకాయ లాబ్‌కి పంపాలి. మెదడు చూస్తేగానీ ఖాయంగా చెప్పరు. రెండు సంచుల్లో కట్టి, ఐసు పెట్టి, థర్మాకోల్ పెట్టెలో సర్దాను. జీపు లేదు. సత్తిబాబు బస్సెక్కాడు.

కండక్టరు: "రొయ్యలాండీ?"

"ఆయ్."

"ఎంత కౌంటండీ?"

"ఒకటేనండి."

కిలోకి ఒకటే తూగే రొయ్య ఎలా ఉంటుందోనని కండక్టరు మూత తీయబోయాడట. సత్తిబాబు పెట్టె మీద కూర్చున్నాడు. దిగేదాకా లేవలేదు.

అక్టోబర్ 7

పాజిటివ్.

ఏడుగురూ సూదులు మొదలుపెట్టారు. పీహెచ్‌సీలో ఒక వయల్ ఐదుగురికి వస్తుంది. చర్మంలో వేస్తే కొంచెమే చాలు, భుజానికొక చుక్క. విప్పిన వయల్ ఆ పూటకే. అందుకని ఐదుగురు పోగయ్యేదాకా కూర్చోబెట్టారు. ఏడుగురొచ్చారు. ఇద్దరు మిగిలారు. ఇంకో ముగ్గురి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు ఇద్దరూ. ఎవరినో కరవాలని కోరుకుంటున్నట్టు ఉందండి అన్నాడు వాళ్ళలో ఒకడు. చివరికి ఇద్దరికే విప్పారు.

ఎనిమిదో ఆయన వచ్చాడు. "నన్ను కరవలేదండి, నాకిందండి." పుండు లేని ఒంటి మీద నాకితే కడుక్కుంటే చాలు. గీరినా, పన్ను గిచ్చినా టీకా. రక్తం వచ్చినా, పుండు మీద నాకినా టీకాతోపాటు సీరం, పుండు చుట్టూ. చెప్పాను. ఒళ్ళంతా వెతుక్కున్నాడు. పుండు దొరకలేదని దిగులుగా వెళ్ళాడు.

అక్టోబర్ 15

రొయ్యల మేత వ్యాను కుర్రాడు దూడ మందు కోసం వచ్చాడు. ఏదో మాటల్లో: ఆ పడమటి చెరువుల గట్టు మీద కుక్కపిల్ల ఒకటి తిక్కతిక్కగా అయిపోయి చచ్చిపోయిందండి. ఏరేటర్ చప్పుడైతే ఎగిరిపడేదండి. మట్టి తినేసేది. కాపలావాళ్ళ కుర్రాడిది.

పేరు?

"పుష్పండి."

ఎప్పుడు?

"నెల్రోజులైందండి. రొయ్యల పట్టుబడికి ముందు."

కుర్రాడెక్కడ?

"పట్టుబడి అయిపోయింది కదండి. వేరే చెరువుకి ఎల్లిపోయారు."

అక్టోబర్ 15, రాత్రి

జులై 6 పేజీ తీశాను. నా రాతే. గుండ్రంగా ఉంది.

ఊరంతటికీ టీకాలు వేసేటప్పుడు మూడు నెలలు నిండని పిల్లల్ని కూడా వదలొద్దని పెద్ద సంస్థల పుస్తకాల్లో ఉంది. కార్డు మీద మూడు నెలలు అని ఉంది. రెండూ చదివినదాన్నే.

అక్టోబర్ 16

చెరువు యజమాని ఫోనెత్తలేదు. మేత డీలరుకి తెలియదు. ఐసు లారీ డ్రైవరుకి తెలుసు. రెండు మండలాల అవతల. సత్తిబాబు బండి. అరవై కిలోమీటర్లు. దారిలో ఏం మాట్లాడలేదు ఇద్దరం. సత్తిబాబు మాట్లాడకపోవడం ఇదే మొదటిసారి.

గట్టు మీద రేకుల షెడ్డు. తల్లి వల బాగుచేస్తోంది. శ్రీకాకుళం వైపు మనుషులు.

"ఏటవుతాదమ్మా. సిన్న గీరే గదా. మానిపోనాది."

కుర్రాడు ఏరేటర్ పక్కన చేపకి గేలం వేసి కూర్చున్నాడు. పుష్ప గురించి అడిగాను. అన్నం తినలేదని, వేలితో బెల్లం నాలిక మీద రాశాడట. కొరికింది. కుడిచేతి చూపుడువేలు. రెండ్రోజుల తరువాత పోయింది. సంచిలోనే పెట్టి గట్టు మీద పూడ్చాడు. మూతి కట్టలేదట.

రోజు లెక్క కట్టాను. సెప్టెంబర్ 18 అవుతుంది. ఇరవై ఎనిమిది రోజులు.

చీకటి పడింది. పొద్దున్నే ఆసుపత్రికి రమ్మన్నాను. వస్తామన్నారు. నమ్మలేదు. బండి మీద తల్లీ కొడుకుల్ని కూడా ఎక్కించుకుని వచ్చేశాం. నలుగురం. పోలీసు ఆపాడు. సత్తిబాబు ఏం చెప్పాడో, వదిలేశాడు. రాత్రి మా ఇంట్లో పడుకున్నారు. అత్తయ్యగారు కుర్రాడికి పాలిచ్చారు. కాచినవే.

అక్టోబర్ 17

మొదటి ఆసుపత్రిలో టీకా ఉంది, సీరం లేదు. రెండో ఆసుపత్రిలో సీరం ఉంది, డాక్టరు భోజనానికి వెళ్ళారు. వచ్చారు. నెలయ్యాక తెచ్చారేమిటి అన్నారు. తల్లి నావైపు చూసింది. ఎప్పుడు తెచ్చినా వెయ్యాల్సిందే కదండీ అన్నాను. వేశారు.

బరువు ఇరవై కిలోలు. గుర్రం సీరం, కిలోకి నలభై యూనిట్లు. ఎనిమిది వందలు. మచ్చ ఏదని అడిగారు. కుర్రాడు మూడు చూపించాడు. ఒకటి రొయ్య ముల్లు. ఒకటి సైకిల్ చైను. ఒకటి పుష్ప. పుష్పది అన్నిటికన్నా చిన్నది. వేలికి పట్టినంత అక్కడే వేశారు. ఏడవలేదు. "గుర్రందా?" అని రెండుసార్లు అడిగాడు.

చీటీ మీద పేరు రాయించారు. తవిటయ్య. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే, పుట్టినవాణ్ణి తవుడుకి అమ్మినట్టు అమ్మి మళ్ళీ తెచ్చుకుని పెట్టే పేరు. ఎంతమంది ముందు అని అడగలేదు.

బయట బండి మీద గోలీసోడా. కొనిచ్చాను. మొత్తం తాగాడు.

అక్టోబర్ 20. దీపావళి.

రెండో విడత సూది. ఆసుపత్రిలో ఒకే నర్సు. భుజానికొకటి, రెండు. బయట ఔట్లు పేలుతున్నాయి. కుర్రాడు ఉలిక్కిపడతాడేమోనని చూశాను. పడలేదు. చూద్దామని పరిగెత్తాడు.

కూల్‌డ్రింకు. తాగాడు.

అక్టోబర్ 24

మూడోది. కొబ్బరిబొండాం. స్ట్రాతో వద్దన్నాడు. ఎత్తి పోసుకున్నాడు. గుటకలు లెక్కపెట్టాను. పదకొండు.

అక్టోబర్ 28

మొంథా తుపాను. కరెంటు మధ్యాహ్నమే పోయింది. ఫ్రిజ్‌లో 160 డోసులు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు దాటకూడదు. సత్తిబాబు ఐసు ఫ్యాక్టరీకి తడుస్తూ వెళ్ళాడు. చెరువులన్నీ మునుగుతుంటే ఐసెవరికి కావాలి, పట్టుకెళ్ళండి అన్నారట. ఐసు నేరుగా తగలకూడదు, గడ్డకడితే మందు పాడు. వేడి పడదు, చలి పడదు. అత్తయ్యగారి పక్కనే పెట్టాను పెట్టెని. ఇద్దరికీ ఒకే దుప్పటి.

రాత్రంతా గాలి. ఆ గట్టు మీద రేకుల షెడ్డు.

అక్టోబర్ 30

ఫోన్లు పనిచేస్తున్నాయి. బడిలో తలదాచుకున్నారట. వాడేం చేస్తున్నాడని అడిగాను. "నీటిలో ఆడతన్నాడమ్మా, ఎంత సెప్పినా ఇనడు."

మళ్ళీ చెప్పమన్నాను. విన్నాను.

మందు బాగానే ఉంది. ఆరు డిగ్రీలు.

నవంబర్ 8

కోర్టు మళ్ళీ. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో కుక్కలుండకూడదు.

"మనదీ ఆసుపత్రే కదండీ" అన్నాడు సత్తిబాబు. "కుక్కలు రాకూడదాండీ?"

పై ఆఫీసుకి రాసి అడగమంటారా అన్నాడు. వద్దన్నాను. జవాబొస్తుంది.

నవంబర్ 14

నాలుగోది. ఆఖరుది. నర్సు చీటీ మీద గుండ్రంగా సున్నా చుట్టి అయిపోయిందంది. బాలల దినమని ఆసుపత్రిలో చాక్లెట్లు పంచారు.

సోడా బండి దగ్గరకి తీసుకెళ్ళాను.

తల్లి: "ఏటమ్మా, వచ్చినప్పుడల్లా ఈడికేదో తాగిత్తారు?"

ఎండ అన్నాను. ఎండ లేదు.

నవంబర్ 23

మళ్ళీ శిబిరం. ఈసారి మేమే వీధుల్లోకి వెళ్ళాం. వలలు రొయ్యలవాళ్ళ దగ్గర అప్పు తెచ్చాం. మూడు రోజులు. 131. టీకా పడినవాటికి వీపు మీద ఎర్రరంగు చుక్క. సత్తిబాబుకి రెండు కాట్లు. వాడికి ముందే టీకాలు వేయించి ఉంచాను. జులైలో వెయ్యి అన్న కుక్కలు ఎక్కడున్నాయని అడిగాను. "దాక్కున్నాయండి" అన్నాడు.

పాత పంచాయతీ వెనక తూములో ఒక ఈత. ఐదు పిల్లలు. కళ్ళు తెరిచి వారమై ఉంటుంది. ఐదింటికీ వేశాను. వయసు గడిలో గీత పెట్టాను.

డిసెంబర్ 3

అత్తయ్యగారు: "ఆ కుర్రాడు ఎలా ఉన్నాడు?"

బాగున్నాడు.

"ఎప్పటిదాకా బాగుండాలి?"

క్యాలెండర్ వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ చూశారు. డిసెంబర్ పేజీలో ఒక చుక్క పెట్టి ఉంది, పెన్సిలుతో.

డిసెంబర్ 12

లేబ్రడార్ డాలస్ చేరింది. వాట్సాప్‌లో ఫొటో పంపారు. మెడకి కండువా. కింద "థాంక్యూ డాక్టర్ ఆంటీ". కుక్క రాసినట్టు.

డిసెంబర్ 18

చుక్క పెట్టిన రోజు. ఆఫీసులో ఆడిట్. రేబీస్ టీకా రిజిస్టరు అడిగారు. జులై 6 దగ్గర ఆగాడు ఆడిటరు. "ఈ వాపసు ఏమిటండీ, స్టాకులో తిరిగి చూపించలేదే" అన్నాడు. డోసు కాదు, కుక్క అని చెప్పాను. రిమార్కు రాసుకున్నాడు.

డిసెంబర్ 21. ఆదివారం.

సత్తిబాబు సెలవు. నేనే బస్సెక్కి వెళ్ళాను. గట్టు మీద కొత్త రేకులు. చెరువులో కొత్త పిల్ల వదిలారట. తవిటయ్య ఇంకో కుక్కపిల్లని సంపాదించాడు. ఆడది. పేరింకా పెట్టలేదు. రెండు నెలలుంటాయి. ఐసుడబ్బా తెచ్చుకున్నాను. వేశాను.

సెంటర్‌దాకా నాతో నడిచి వచ్చాడు. సోడా కొట్టు. గోలీని వాడే నొక్కుతానన్నాడు. నొక్కాడు. మొహం మీద చిమ్మింది. నవ్వాడు. సీసా ఎత్తాడు.

ఖాళీ చేసి ఇంకోటి అడిగాడు. ఇప్పించాను. మూడోది కూడా అడిగాడు. తల్లి కోప్పడుతుందన్నాను.